పెద్దవాళ్ల క్లాసు మొదటి రోజు: ఏ ఆట పెట్టాలి, ఏది వద్దు

రాత్రి ఏడున్నరకు క్లాసు. కర్నూలు శివారులో ఒక కమ్యూనిటీ హాలు. చాపల మీద పదహారు మంది ఆడవాళ్లు కూర్చున్నారు. కొంగు భుజం మీదుగా లాక్కుని, పలక ఒళ్లో పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా. నేను లేచి, "ఒక్కొక్కరే నిలబడి పేరు, ఊరు, ఎంతవరకు చదివారో చెప్పండి" అన్నాను. ముగ్గురు ఎలాగో చెప్పారు. నాలుగో ఆమెకు యాభై దాటి ఉంటాయి. లేచింది, కుచ్చెళ్లు సర్దుకుంది, "నాకేం రాదు మ్మా, అందుకే కదా వచ్చినా" అంది. వెనక ఎవరో నవ్వారు. ఎగతాళిగా నవ్విన నవ్వు కాదది, వాళ్లకూ బెరుకే. కానీ ఆమె కూర్చుని పలకను బోర్లించి పెట్టుకుంది. కాసేపటికి బర్రెకు గడ్డి వేయాలని లేచి వెళ్లింది. మళ్లీ క్లాసుకు రాలేదు.

తప్పు నాది. ఎంతవరకు చదివారని చదువు రాని మనిషిని పదహారు మంది ముందు నిలబెట్టి అడిగాను. ఆ రోజు నుంచి, మొదటి రోజు ఏం చేయించాలో క్లాసు పాఠం కంటే ఎక్కువగా ఆలోచిస్తున్నాను. అక్షరాలు నేర్పే రాత్రి బడి, డ్వాక్రా సంఘాల ట్రైనింగ్, టైలరింగ్ బ్యాచ్, స్పోకెన్ ఇంగ్లీష్, అన్నిటిలోనూ రకరకాల ఆటలు పెట్టి చూశాను. ట్రైనింగులు ఇచ్చేవాళ్లు వీటిని ఐస్ బ్రేకర్లు అంటారు. మేం కొత్త పోగొట్టడం అంటాం. ఒకచోట బ్రహ్మాండంగా నడిచిన ఆట ఇంకోచోట బెడిసికొట్టింది. అందుకే కొత్తగా క్లాసు మొదలుపెట్టేవాళ్లకు ఏది ఎక్కడ పనికొస్తుందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఏ ఆటనైనా నేను ముందు ఒకే ప్రశ్నతో తూచి చూస్తాను. ఇందులో నలుగురి ముందు ఎవరి పరువు పోవచ్చు?

చిన్నపిల్లలు తప్పు చెప్పినా మరుక్షణం మర్చిపోతారు. పెద్దవాళ్లు అలా కాదు. ఆ బర్రె ఉన్న ఆమె మూడు చీటీల లెక్క నోటితో పెట్టగలదు. ఏ చేనులో ఎప్పుడు విత్తనం పడాలో ఇంట్లో ఆమెనే అడుగుతారు. అలాంటి మనిషి బడి గడప తొక్కగానే చిన్నపిల్ల అయిపోతానేమో అని జంకుతుంది. బ్యాంకులో వేలిముద్ర వేసినప్పుడు క్యూలో వెనక ఉన్నవాళ్లు చూసిన చూపు ఆమెకు గుర్తుంటుంది. ఇలాంటివాళ్లు ఒకరిద్దరు కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఉంది, ఆడవాళ్లలో అయితే సగమే. ఇప్పుడు ఉల్లాస్ అనే వయోజన విద్యా కార్యక్రమం కింద 15 ఏళ్లు దాటినవాళ్లకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పి, చివర ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులకు పరీక్ష పెడుతున్నారు. ఆ పరీక్ష సంగతి వాళ్లు ముందే విని వస్తారు. మొదటి రోజే పరీక్ష వాసన తగిలిందంటే రెండో రోజుకు సగం చాపలు ఖాళీ.

కాబట్టి ఆట ఎంచుకునే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. చదవడం, రాయడం అవసరమా? ఒంటరిగా నిలబడి మాట్లాడాలా? ఏదైనా గుర్తుపెట్టుకుని అప్పజెప్పాలా? పక్కవాళ్లను ముట్టుకోవాలా? ఈ నాలుగింటిలో అవునన్న జవాబు ఎన్నిసార్లు వస్తే ఆ ఆట మొదటి రోజుకు అంత బరువు.

వరస పరిచయమా, జంట పరిచయమా

అందరూ చేసేది వరస పరిచయం. ఖర్చు లేదు, తయారీ లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ తన వంతు వచ్చేదాకా ప్రతి మనిషీ తాను ఏం చెప్పాలో లోపల్లోపల వల్లె వేసుకుంటూ ఉంటుంది. ముందువాళ్లు చెప్పింది చెవికి ఎక్కదు. వంతు అయిపోయాక గుండెదడ తగ్గి, అప్పుడూ వినదు. ఇరవై మంది చెప్పాక ఎవరి పేరు గుర్తుందని అడిగితే పక్కన కూర్చున్న మనిషి పేరు కూడా చెప్పలేరు. చివర్లో కూర్చున్నవాళ్లకైతే ఆ పది నిమిషాలూ టెన్షనే.

దానికి బదులు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. తర్వాత ఎవరి గురించి వాళ్లు చెప్పుకోకుండా, పక్క మనిషి గురించి చెప్పాలి. తన గొప్ప తాను చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి కూడా పక్కవాళ్ల గురించి చెప్పమంటే గొంతు పెంచి చెబుతుంది. ఒక టైలరింగ్ బ్యాచ్‌లో, అప్పటిదాకా నోరు విప్పని ఒక కొత్త కోడలు లేచి, "ఈ యక్క ఉగ్గాని చేసేటప్పుడు బొరుగులు నీళ్లల్లో ఎక్కువసేపు నాననీదంట, ఇట్ల ముంచి అట్ల తీసి పిండుతుందంట, అందుకే మెత్తగా ముద్ద కాదంట" అని చేత్తో చూపిస్తూ చెప్పింది. ఉగ్గాని చేసే ఆమె మొహం వెలిగిపోయింది. పక్కనుంచి ఇంకో ఆమె, "పుట్నాల పొడి ఎప్పుడు వేస్తావు, దించినాకనా?" అని అడిగింది. ఆ తర్వాత క్లాసును మాట్లాడించాల్సిన పని నాకు లేకపోయింది.

జంట పరిచయంలో ప్రశ్నే ప్రాణం. "మీ గురించి చెప్పుకోండి" అని వదిలేస్తే మళ్లీ ఊరు, పేరు దగ్గరే ఆగుతుంది. మీ చేతి వంటల్లో ఇంట్లో వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఏది? మీరు ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా నేర్చుకున్న పని ఏది? ఇలాంటివి అడగాలి. మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసిన క్లాసైతే జంటలు వాళ్లనే కట్టుకోనివ్వండి. మీరు లెక్కపెట్టి ఒకటి రెండు, ఒకటి రెండు అని కలిపితే పల్లెల్లో ఇబ్బంది పడతారు. బేసి సంఖ్య వస్తే మిగిలిన మనిషికి మీరే జత కండి.

నా లెక్కలో జంట పరిచయం ఎక్కడైనా నడుస్తుంది. ఇంకేమీ తోచకపోతే ఇదే పెట్టండి.

నేల మీద జిల్లా పటం

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. చదువు అక్కర్లేదు, ఒంటరిగా నిలబడక్కర్లేదు, తప్పు చెప్పే అవకాశమే లేదు. ముగ్గుపిండో సుద్దముక్కో ఉంటే చాలు.

హాలు మధ్యలో పడమర నుంచి తూర్పుకు ఒక పొడుగు గీత గీస్తాను. అది తుంగభద్ర. దానికి దక్షిణం ఒడ్డున చిన్న చుక్క పెట్టి ఇది కర్నూలు అంటాను. కింది నుంచి వచ్చి ఆ చుక్క దగ్గర నదిలో కలిసే ఇంకో గీత హంద్రీ. అంతే, మిగతా పటం వాళ్లు నిలబడితే తయారవుతుంది. పడమటికి పోతే ఎమ్మిగనూరు, నది వెంబడి మంత్రాలయం, ఇంకా అవతల కోసిగి, కొంచెం కిందికి ఆదోని. దక్షిణాన డోన్, నైరుతిలో పత్తికొండ. తూర్పుకు ఆత్మకూరు, ఆగ్నేయాన నంద్యాల. 2022లో నంద్యాల వేరే జిల్లా అయినా మా పటంలో మాత్రం విడిపోలేదు. నది దాటి నిలబడితే తెలంగాణ, గద్వాల వైపు. అనంతపురంలో అయితే పెన్నా గీసి, తాడిపత్రిని ఆ ఒడ్డున పెట్టుకోవచ్చు. కడపలో పెన్నా మీదే గండికోట ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

"మీరు పుట్టిన ఊరు ఎక్కడో అక్కడ నిలబడండి" అని మొదట చెబుతాను. అప్పుడే అసలు మాటలు మొదలవుతాయి. ఎక్కడ నిలబడాలో తెలియాలంటే పక్కవాళ్లను అడగక తప్పదు. "నీది యా ఊరు? కోసిగి కాడనా? అయితే నాకంటే అవతలికి పో." "మా యక్కను ఆడికే ఇచ్చినారు, ఎవరింటి పిల్లవు నువ్వు?" ఇలా వాళ్లే ఒకరినొకరు జరుపుకుంటారు. టీచరు మాట్లాడకుండా ఉండగలిగితే చాలు.

రెండోసారి, "ఇప్పుడు మీరు కాపురం ఉంటున్న ఊరికి నడవండి" అంటాను. పుట్టినింటి నుంచి మెట్టినింటికి అందరూ ఒక్కసారే నడుస్తారు. నవ్వులు, ఒకరికొకరు తగులుకోవడం. ఒకసారి ఒక పెద్దామె కదలకుండా నిలబడింది. ఏమ్మా అంటే, "మేనమామకే ఇచ్చినారు, ఊరు దాటింది లేదు" అంది. ఆమె చుట్టూ ఉన్న చిన్నవాళ్లు, "నీ అదృష్టం జేజీ, అమ్మ కాడనే ఉంటివి" అన్నారు. ఆమెకు ఆ రోజు నుంచి క్లాసులో జేజి అనే పేరు స్థిరపడింది.

మూడోసారి, "పని కోసం పోయిన అన్నిటికంటే దూరపు ఊరికి పోండి" అంటాను. ఆదోని, కోసిగి వైపు వాళ్లకు ఈ ప్రశ్న బాగా తెలుసు. సుగ్గికని, అంటే కోతల కాలంలో వలస కూలికని, గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోయినవాళ్లు పటం దాటి తూర్పు గోడకు ఆనుకుని నిలబడతారు. ఒకసారి పద్దెనిమిది మందిలో ఏడుగురు ఆ గోడ దగ్గరే తేలారు. ఒకే ఏడు ఒకే తావులో పనిచేసినవాళ్లు ఇద్దరు అక్కడ ఒకరినొకరు గుర్తుపట్టారు. టీచరుకూ ఇది చాలా పనికొచ్చే సంగతి. సుగ్గికి పోయేవాళ్లు ఎంతమందో మొదటి రోజే తెలిస్తే, ఆ నెలల్లో పాఠం ఎలా నడపాలో ముందే ఆలోచించుకోవచ్చు.

దీనికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. చోటు కావాలి. ఇరుకు గదిలో నడవదు, ఆరుబయట అయితే ఎండ దిగాక పెట్టుకోవాలి. రెండోది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు. వాళ్లకు కుర్చీ వేసి, వాళ్ల తరఫున ఒక చిన్న రాయి పెట్టమనండి. ఒకే ఊరి వాళ్లంతా ఉన్న క్లాసుకు పటం పనికిరాదనుకోకండి. జిల్లాకు బదులు ఊరే గీయండి. బావి, రచ్చబండ, చెరువు, బస్టాపు. మీ ఇల్లు ఎక్కడ?

సంచిలో వస్తువులు, పొడుపు కథలు

చోటు లేకపోతే సంచి ఆట. గుడ్డ సంచిలో పాతిక రకాల మామూలు వస్తువులు వేసుకుని పోతాను. తాళంచెవి, ఉల్లిగడ్డ, గాజు, పాత కీప్యాడ్ ఫోను, దారపు ఉండ, బస్సు టికెట్టు, నాలుగు బుడ్డలు (వేరుశనక్కాయలు), అగ్గిపెట్టె. చూడకుండా ఒకటి తీసి, దాన్ని చూస్తే ఏం గుర్తొస్తుందో ఒకటి రెండు మాటల్లో చెప్పాలి. చేతిలో వస్తువుంటే మాట దానంతట అదే వస్తుంది. అందరి కళ్లూ ఆ వస్తువు మీద ఉంటాయి, మనిషి మొహం మీద ఉండవు. అందుకే బెరుకు తగ్గుతుంది.

ఉల్లిగడ్డ తీసిన ఒక రైతు దాన్ని అరచేతిలో దొర్లిస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ధర పడిపోయిన ఏడు కోత కూలి కూడా రాదని చేన్లోనే వదిలేసి గొర్రెలను తోలినాం" అన్నాడు. నలుగురైదుగురు తలలు ఊపారు. అప్పటిదాకా చేతులు కట్టుకుని వెనక కూర్చున్న మగవాళ్లు ఆ తర్వాత మాటల్లో పడ్డారు. కానీ ఇదే ఆటలో నేను మందుల అట్ట ఒకటి వేసి పొరపాటు చేశాను. అది తీసిన ఆమెకు పోయిన భర్త గుర్తొచ్చి ఏడ్చింది. మొదటి రోజు అంత లోతుకు పోకూడదు. మందులు, తాళి దారం, పసిపిల్లల బట్టలు సంచిలో వేయకండి.

పొడుపు కథలు వయసు తేడా ఎక్కువ ఉన్న క్లాసుకు మంచివి. కుర్రవాళ్లూ ముసలివాళ్లూ కలిస్తే ఎప్పుడూ కుర్రవాళ్లదే పైచేయి అవుతుంది. ఇక్కడ అది తిరగబడుతుంది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే డిగ్రీ చదివిన పిల్ల తల గోక్కుంటుంది, జేజి మాత్రం కనురెప్పలని టక్కున చెబుతుంది. "తొడిమ లేని పండు, ఆకు లేని పంట" అంటే విభూతి పండు, ఉప్పు పంట. రెండు నేను వేస్తే పది వాళ్లు వేస్తారు. ఒక్క జాగ్రత్త, ఎవరినీ పేరు పెట్టి అడగొద్దు. క్లాసు మొత్తానికి వేయండి. తెలిసినవాళ్లు చెబుతారు, తెలియనివాళ్లు నవ్వుతారు. పేరు పెట్టి అడిగితే అది మళ్లీ పరీక్షే.

ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు ఉంటే దీనికి తోడు ఇంకోటి చేస్తాను. అమ్మను మీ ఇంట్లో ఏమని పిలుస్తారు? కర్నూలు వన్ టౌన్‌లో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అమ్మీ అంటారు, ఆదోని, ఆలూరు వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలో అవ్వ అనేవాళ్లు ఉంటారు, సుగాలి తండా నుంచి వచ్చినవాళ్లు యాడి అంటారు. యాడి అనగానే మావాళ్లు "యాడికి?" అని అడిగి, సంగతి తెలిశాక అందరూ కలిసి నవ్వుకున్నారు. తండా నుంచి వచ్చిన ఆ ఇద్దరమ్మాయిలు అప్పటిదాకా తలుపు దగ్గర కూర్చున్నారు, ఆ తర్వాత మధ్యలోకి వచ్చారు. తమ భాషను క్లాసులో నోరారా పలకడం వాళ్లకు అదే మొదటిసారి అని తర్వాత చెప్పారు.

బాగా పేరున్నవి, నేను ఆచితూచి వాడేవి

పేర్ల గొలుసు అందరికీ తెలిసిందే. తన పేరు, ఇష్టమైన తిండి చెప్పి, ముందువాళ్లందరివీ వరసగా అప్పజెప్పాలి. పన్నెండు మంది దాటితే పెట్టకండి. పద్నాలుగో మనిషి దగ్గర ఆగిపోయి తడుముకుంటుంటే చూడలేం. పెట్టాల్సి వస్తే అందరూ కలిసి అనేలా మార్చుకోండి.

పేరు చెప్పి, దారం ఒక చేత్తో పట్టుకుని నూలు ఉండను ఇంకొకరికి విసిరే ఆట చూడ్డానికి బాగుంటుంది, మధ్యలో వల అల్లుకుంటుంది. అయితే చిక్కు తీయడానికే పావుగంట పడుతుంది. మగ్గం ఉన్న ఇళ్ల ఆడవాళ్లు ఉన్న క్లాసులో మాత్రం దీన్ని ధైర్యంగా పెట్టండి. ఎమ్మిగనూరులో నేను చిక్కు చూసి కంగారు పడుతుంటే వాళ్లు రెండు నిమిషాల్లో ఉండ చుట్టి చేతిలో పెట్టారు.

రెండు నిజాలు, ఒక అబద్ధం అనే ఆటలో తన గురించి మూడు సంగతులు చెబితే, వాటిలో అబద్ధమేదో మిగతావాళ్లు కనిపెట్టాలి. దీన్ని స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో బాగా వాడతారు. ఉద్యోగాల కోసం తయారయ్యే పాతికేళ్లలోపు వాళ్లకు సరే. అది కూడా వారం గడిచి, ఒకరి సంగతి ఒకరికి కొంచెం తెలిశాకే రుచి. పెద్దవాళ్ల దగ్గర పెడితే, "అబద్ధం చెప్పమంటారేంది మేడం, మొదటి రోజే?" అని ఒకాయన సూటిగా అడిగాడు. ఆయన అడిగింది న్యాయమే. తెలియనివాళ్ల ముందు తన గురించి అబద్ధం చెప్పడం ఆయనకు ఆటగా తోచలేదు.

మనుషుల బింగో తొమ్మిది గళ్ల కాగితంతో ఆడేది. బెలుం గుహలు చూసినవాళ్లు, స్కూటీ నడపడం వచ్చినవాళ్లు, కారం దోశ తినలేనివాళ్లు, ఇలా ఒక్కో గడికి సరిపోయే మనిషిని వెతికి పట్టుకోవాలి. పాతిక, ముప్పై మంది ఉన్న కంప్యూటర్ క్లాసుకో ఇంగ్లీష్ క్లాసుకో దీన్ని మించింది లేదు. అందరూ లేచి తిరుగుతారు, ఎవరూ స్టేజీ ఎక్కినట్టు ఉండదు. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేతిలో మాత్రం ఆ కాగితం పెట్టకండి. బొమ్మలు గీసి ఇచ్చి చూశాను, నడిచింది. కానీ అంత శ్రమ పడేకంటే నేల మీద పటం గీయడమే తేలిక.

ఇక ఏది ఎవరికి అంటే, నా వాడకం ఇది. రాత్రి బడికి పటం, చోటు లేకపోతే సంచి. సంఘాల ట్రైనింగులో వాళ్లు ముందే ఒకరికొకరు తెలుసు కాబట్టి పరిచయాలు దండగ, రెండు పొడుపు కథలు వేసి నేరుగా పనిలోకి దిగుతాను. టైలరింగ్, బ్యూటీషియన్ లాంటి చేతిపని క్లాసులకు జంట పరిచయం. ఇంగ్లీష్, కంప్యూటర్ క్లాసులకు మొదటి రోజు బింగో, రెండో వారంలో నిజాలు, అబద్ధం. ఏదైనా గంటన్నర క్లాసులో ఇరవై నిమిషాలకు మించనివ్వను. నేర్చుకోవడానికి పొయ్యి ఆర్పేసి వచ్చిన మనిషి ఒక్క అక్షరమైనా చేతిలో లేకుండా ఇంటికి పోకూడదు.

ఏ ఆట పెట్టినా కొన్ని ప్రశ్నలు నోటి వెంట రానివ్వకండి. ఇంటిపేరు అడగొద్దు, ఇంటిపేరుతో పాటు కులం బయటపడుతుంది. మీవారి పేరేంటని పెద్దవాళ్లను అడగొద్దు, భర్త పేరు పలకడం అలవాటు లేని తరం అది, పక్కవాళ్ల చేత చెప్పించుకోవాల్సి వస్తుంది. పిల్లలెంతమంది అన్నది మనకు పలకరింపే, పిల్లలు లేనివాళ్లకు మాత్రం అది ముల్లు. చదువు సంగతి ఎలాగూ అడగరని అనుకుంటాను. ఎవరైనా ఈ రోజు చూస్తూ కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. చూస్తున్నవాళ్లూ ఆటలో ఉన్నట్టే. ఏ ఆటకైనా మొదటి వంతు టీచరుదే కావాలి. నా ఉగ్గాని ముద్ద అవుతుందని నేను ముందు చెబితేనే ఆ ఆమె తన కిటుకు చెప్పింది.

ఆట అయ్యాక నేల మీది పటాన్ని తుడిచేయకండి. అక్షరాల క్లాసైతే మొదటి పాఠం అక్కడే ఉంది. అ, ఆ నుంచి మొదలుపెట్టకుండా వాళ్లు నిలబడిన ఊరి పేరు వాళ్ల కాళ్ల దగ్గరే సుద్దతో రాస్తాను. కోసిగిలో మూడే అక్షరాలు, ఆదోనిలో మూడే. ఒత్తులున్న నంద్యాల, ఎమ్మిగనూరు తర్వాత చూసుకోవచ్చు. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక ఆమె ఆ మూడు అక్షరాల మీద వేలితో రెండుసార్లు దిద్ది, "బస్సు మీద ఉండేది ఇదేనా?" అని అడిగింది. ఇదే అన్నాను. మరుసటి వారం, బస్టాండులో ఎవరినీ అడగకుండా బోర్డు చూసుకుని బస్సెక్కానని క్లాసుకు వచ్చి చెప్పింది.